తాతనాటి రివాల్వరు – దానికి తగిన తూటా

తాతగారి పెట్టెలో దొరకిన గడియారమును చెవియొద్ద పెట్టుకొన్నచో అది నడచునో నడవదో తెలిసిపోవును. పెట్టెలో దొరకినది రివాల్వరైనచో అట్టి పరీక్ష పనికిరాదు. ఏ తూటా దానిలో దూరునో అదే దాని తూటా అని తలచువారు చాలమంది కలరు. ఈ తలంపు ఎంత అపాయకరమో, ఎందులకు అపాయకరమో చెప్పవలెనన్న నూట యేబది సంవత్సరముల వెనుకకు పోయి, తుపాకుల మీద చెక్కిన అంకెల చరిత్రను కొంత తెలిసికొనవలెను.

చరిత్రకు ముందు ఒక మాట. తాతగారితోనే ఆయన లైసెన్సు కూడ ముగియును. అది మనుమనికి ఆస్తివలె సంక్రమించదు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము 21వ విభాగము ప్రకారము, చట్టబద్ధమైన హక్కులేక ఆయుధమును కలిగియున్న వ్యక్తి దానిని అనవసరపు ఆలస్యము లేకుండ సమీపపు పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు గల వర్తకునియొద్దగాని అప్పగింపవలెను. వారసుడు తన పేర లైసెన్సు కోరుట ఆ తరువాతి పని. 2019లో వచ్చిన సవరణ వలన ఒక వ్యక్తియొద్ద రెండు తుపాకులకు మించి ఉండరాదు. వంశపారంపర్యముగా వచ్చినవి కూడ ఈ లెక్కలోనివే. కావున ఈ క్రింద వ్రాయు పరీక్షలన్నియు వర్తకుని అంగడిలోనో, ఆయుధ నిపుణుని బల్లమీదనో జరుగవలసినవేగాని, ఇంటి వసారాలో పిల్లల నడుమ జరుగవలసినవి కావు. పాత రివాల్వరు ఖాళీగా ఉన్నదని ఎవరు చెప్పినను నమ్మరాదు. గొట్టమును మనుషులు లేని దిక్కునకు త్రిప్పి, చక్రమును తెరచి, ఆరు గదులను కంటితో చూచినగాని అది ఖాళీయని అనరాదు.

మన దేశములో పాత కుటుంబములయొద్ద కనబడు రివాల్వర్లలో వెబ్లీ పేరు తరచుగా వినబడును. బర్మింగ్‌హామ్ నగరములోని ఈ సంస్థ చేసిన రివాల్వరును 1887లో బ్రిటిషు ప్రభుత్వము సైన్యమునకు స్వీకరించెను. 1897లో సంస్థ ఇతర సంస్థలతో కలసి వెబ్లీ అండ్ స్కాట్ అయ్యెను. మొదటి మార్కుతో ప్రారంభమై 1915లో వచ్చిన ఆరవ మార్కు వరకు దీని రూపము కొద్దికొద్దిగా మారుచు వచ్చెనుగాని మూలసూత్రము మారలేదు. గొట్టము మూలమున మడత బందు ఉండును. మీట నొక్కి గొట్టమును క్రిందికి వంచినంతనే చక్రము వెనుకనున్న నక్షత్రాకారపు బిళ్ళ పైకి లేచి, కాల్చిన డొల్లలనన్నిటిని ఒక్కమారుగ బయటికి నెట్టివేయును. ఆనాటి బ్రిటిషు అధికారులు తమ చేతి ఆయుధమును తామే కొనుక్కొనవలసి యుండెడివారు. సర్కారు తూటా దానిలో పట్టవలెననునదే నియమము. అందుచేతనే సైనిక ముద్రలేని వెబ్లీలు కూడ ఎన్నో ఈ దేశమునకు వచ్చి, అధికారులు వెడలిపోయినప్పుడు ఇక్కడనే చేతులు మారినవి.

ఇక అంకెల కథ. మన పల్లెలలో అందరికి తెలిసిన ‘12 బోరు’ను మొదట తీసికొందము. ఈ 12 అంగుళములు కాదు, మిల్లీమీటర్లు కాదు. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగ పోసినచో, ఒక్కొక్క గుండు ఎంత లావుండునో అంత లావు గొట్టమని అర్థము. సీసపు సాంద్రత 11.34 అని తెలిసిన విద్యార్థి ఎవడైనను ఈ లెక్కను వేసికొనవచ్చును: వ్యాసము 18.5 మి.మీ. వచ్చును. నిజముగ అంతే. కావున బోరు సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. ఇది పాత పద్ధతియే అయినను న్యాయమైన పద్ధతి. అంకె చెప్పిన దానికి, కొలతకు పొత్తు కలదు.

రివాల్వర్లలో ఈ పొత్తు చెడినది. .38 అన్నచో ఒక అంగుళములో నూటికి 38 పాళ్ళని ఎవరైన అనుకొందురు. కాని .38 అని పిలువబడు రివాల్వర్లలో ఏ గుండును కొలిచినను 38 పాళ్ళు రాదు. 36 పాళ్ళకు అటునిటు వచ్చును. ఈ అబద్ధము ఎట్లు పుట్టినదో చూడుడు.

అమెరికాలో 1851 నుండి కోల్ట్ సంస్థ నౌకాదళపు నమూనా అను రివాల్వరును చేయుచుండెను. దాని గొట్టపు బోరు .36. దానికి ఇత్తడి తూటా లేదు. ప్రతి గదిలోను మందు పోసి, సీసపు గుండు దూర్చి, వెనుక క్యాపు తగిలింపవలెను. గదికి వెనుకనుండి ముందువరకు రంధ్రము తొలిచి తూటాను వెనుకనుండి పెట్టు పద్ధతికి రోలిన్ వైట్ అనువాడు 1855లో పేటెంటు పొందెను. ఆ హక్కు స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ చేతిలో ఉండెను. 1869లో దాని గడువు తీరగనే తక్కిన సంస్థలు తమ పాత రివాల్వర్లను తూటాలకు అనువుగ మార్చ మొదలిడినవి. పాత గొట్టమును పారవేయక, దానికి సరిపడు గుండునే తూటాలో పెట్టవలెను గదా! గుండు గదిని నిండవలెను, డొల్లయు ఆ గదిలోనే పట్టవలెను. అందుకని గుండు పైభాగమును డొల్ల వెలుపలి లావుతో సమానముగ పోసి, క్రిందిభాగమును మాత్రము సన్నముగ మడమవలె చేసి డొల్లలో బిగించిరి. ఈ లావు సుమారు .38. పేరు అట్లు వచ్చినది.

అయితే ఇట్టి తూటాలో గుండుకు పూసిన క్రొవ్వు డొల్ల వెలుపలనే ఉండి, దుమ్ము, ఇసుక అంటుకొనును. స్మిత్ అండ్ వెస్సన్ వారు 1870 ప్రాంతమున రష్యా సైన్యమునకు .44 రివాల్వర్లు చేసినప్పుడు గుండు మొదలు, దాని క్రొవ్వుచాళ్ళు డొల్ల లోపలనే ఉండు తూటా రూపొందినది. ఇది మేలైన పద్ధతియని అందరును గ్రహించిరి. కాని డొల్ల లోపల ఇముడవలెనన్న గుండు డొల్లగోడ మందమంత సన్నగిల్లక తప్పదు. గుండు సన్నగిల్లెను, పేరు మాత్రము సన్నగిల్లలేదు. అంగడివారికి పేరు మార్చుట ఇష్టముండదు. .44 అనుదాని గుండు .429 అగుటయు, .38 అనుదాని గుండు .36 ప్రాంతమున నిలిచిపోవుటయు ఇందుచేతనే. వ్యాపారపు అలవాటు విజ్ఞానశాస్త్రపు కొలతను ఓడించిన ఉదాహరణలలో ఇది ఒకటి.

ఇంతటితో పోయిన బాగుండెడిది. .38 పేరుతో రెండు వేరు తూటాలు పుట్టినవి. మొదటిది 1870లలో వచ్చిన .38 స్మిత్ అండ్ వెస్సన్: డొల్ల పొడవు .775 అంగుళము, గుండు లావు .361. రెండవది శతాబ్దపు చివర వచ్చిన .38 స్పెషల్: డొల్ల పొడవు 1.155 అంగుళము, గుండు లావు .357. మొదటిది పొట్టిది, కొంచెము లావైనది. రెండవది పొడుగుది, కొంచెము సన్ననిది. గుండు లావులో భేదము ఒక అంగుళములో వేయింట నాలుగు పాళ్ళు, అనగా మనము వ్రాసికొను కాగితమంత మందము. కంటికి ఆనదు, బలములో మాత్రము రెండింటికిని చాల అంతరము కలదు.

మొదటి ప్రపంచయుద్ధము తరువాత బ్రిటిషు సైన్యము తన బరువైన .455 రివాల్వరును విడిచి, తేలికయైన దానిని కోరెను. అప్పుడు తీసికొన్నది ఈ పొట్టి .38 తూటానే, 200 గ్రెయిన్ల బరువుగల సీసపు గుండుతో. 1932లో ఎన్‌ఫీల్డ్ రెండవ నంబరు రివాల్వరు సైన్యములో ప్రవేశించెను. వెబ్లీవారి నాల్గవ మార్కు.38 కూడ యుద్ధకాలములో విరివిగ వాడబడెను. మెత్తని సీసపు గుండు శరీరములో తగిలి వ్యాపించునని, అది 1899 నాటి హేగ్ ప్రకటనకు విరుద్ధము కావచ్చునని శంక కలిగినందున, రెండవ యుద్ధమునకు ముందు దానిని మాని 178 గ్రెయిన్ల లోహకవచపు గుండును ప్రవేశపెట్టిరి. ఆ ప్రకటనకు మూలమైన గుండ్ల పేరు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలనుండి వచ్చినదే యని పాఠకులకు గుర్తుచేయుట అప్రస్తుతము కాదు.

ఈ తూటాకు బ్రిటిషువారు పెట్టిన సైనికనామము .380. ఇది మరియొక చిక్కు. 1908లో అమెరికాలో .380 ఆటో అను వేరొక తూటా వచ్చియుండెను. అది పిస్తోలు తూటా. దాని మొదట పొడుచుకొని వచ్చిన అంచు ఉండదు. బ్రిటిషు .380 అంచుగల రివాల్వరు తూటా. లైసెన్సు పుస్తకములో ‘.380’ అని మాత్రమే వ్రాసియున్నచో ఏ .380 అన్నది తుపాకిని చూచినగాని చెప్పలేము.

రెండవ యుద్ధములో స్మిత్ అండ్ వెస్సన్ వారు బ్రిటిషు కూటమి దేశములకు అయిదు లక్షలకు పైగ రివాల్వర్లు ఈ పొట్టి .38 తూటాకే చేసియిచ్చిరి. యుద్ధానంతరము అవి చౌకగ అమ్ముడుపోయినవి. అమెరికాలో అంగడి నిండ దొరకునది .38 స్పెషల్ తూటా. పొడవైన ఆ తూటా ఈ రివాల్వరు గదిలో పూర్తిగ దిగదు. గది లోపలి మెట్టు దానిని ఆపును. ఆ మెట్టు వృథాగ పెట్టినది కాదు. తప్పు తూటా పట్టకుండ కాచు కావలివాడు అదియే. కొందరు పనివారు ఆ మెట్టును తొలిచివేసి .38 స్పెషల్ పట్టునట్లు చేసి అమ్మిరి. ఫలితమేమి? గది వెనుకభాగము పాత లావు తూటాకు తగినట్లు .386 ఉండగ, స్పెషల్ డొల్ల .379 మాత్రమే. కాల్చినప్పుడు లోపలి వాయుపీడనమునకు డొల్ల ఉబ్బి గోడను తాకవలెను. అంత దూరము ఉబ్బలేని ఇత్తడి నిలువున చీలును. వేడివాయువు వెనుకకు తన్నును. తాత రివాల్వరు గదిలో కాంతి పడునట్లు పట్టి చూచినప్పుడు, ముప్పాతిక అంగుళము లోపల ఒకే స్పష్టమైన మెట్టున్నచో గది తాకని గది. అంతకు ముందుకు మరియొక మెట్టు కనబడినచో ఎవరో తొలిచినారన్నమాట.

1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు దాని డొల్లను స్పెషల్ కంటె .135 అంగుళము పొడుగు చేసిరి. పాత బలహీనమైన రివాల్వర్లలో అది పట్టకుండుటకే ఈ జాగ్రత్త. దాని పేరులోని అంకె కూడ నిజమైన కొలతయే. తయారీదారులకు ఆలస్యముగనైనను వివేకము కలిగినదని సంతోషింపవచ్చును.

మరి చేతిలోని రివాల్వరు ఏదో తెలిసికొనుట ఎట్లు? మొదట ముద్రలు. ఇంగ్లండులో తుపాకిని అమ్ముటకు ముందు అధికబలముగల తూటాతో కాల్చి పరీక్షింపవలెను. లండనులోని తుపాకి పనివారి సంఘమునకు 1637 నుండి సన్నదు కలదు; బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813 నాటి శాసనముతో ఏర్పడెను. కిరీటము క్రింద ‘ఎన్.పి.’ అను అక్షరములున్నచో ఆధునికమైన పొగలేని మందుతో పరీక్ష జరిగినదని అర్థము. కొన్నింటిమీద ‘.38 – .767 – 3½ టన్నులు’ అని ఉండును. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము మరి లేదు. .767 అనునది డొల్ల పొడవు. 3½ టన్నులు చదరపు అంగుళమునకు తగు పీడనము. డొల్ల పొడవు ముప్పాతిక అంగుళమని చెప్పుటతో అది పొట్టి .38 అనియు, స్పెషల్ కాదనియు తేలిపోవును. బాణపు ములికివంటి గుర్తు సర్కారు సొత్తునకు గుర్తు. దాని క్రింద ఆంగ్ల ‘ఐ’ అక్షరమున్నచో హిందూదేశ ప్రభుత్వపు సొత్తు. రెండు ములుకులు మొనకు మొన తాకినట్లున్నచో సర్కారు దానిని అమ్మివేసినదని తెలియవలెను. సొంతముగ కొన్న వెబ్లీలపై ‘455/476’ అని రెండంకెలు ఉండుట కలదు. అంతకు పూర్వపు సైనిక తూటాయు దానిలో పట్టునని వాని భావము.

ముద్రలు చెరిగిపోయినచో కొలతలే గతి. మెత్తని సీసపు ముక్కను గొట్టములో ఈ చివరనుండి ఆ చివరకు నెట్టినచో లోపలి చాళ్ళ అచ్చు దానిమీద పడును. ఆ అచ్చును కొలువవలెను. ఇక్కడ వెబ్లీ, ఎన్‌ఫీల్డు రివాల్వర్లు మనలను మోసగించును. వాని గొట్టములలో ఏడు చాళ్ళు కలవు. బేసి సంఖ్య అగుటచే చాలు అచ్చుకు ఎదురుగ మరియొక చాలు ఉండదు, గట్టు ఉండును. మామూలు కొలపరికరపు రెండు దవడలలో ఒకటి ఎత్తుమీద, రెండవది పల్లములో నిలిచి, అసలు వ్యాసము కంటె తక్కువ చూపును. .361 గొట్టమును .357 అని భ్రమించుటకు ఈ పొరపాటు చాలును! ‘వి’ ఆకారపు దిమ్మమీద పెట్టియో, మూడు దవడల మైక్రోమీటరుతోనో కొలువవలెను. చాళ్ళ సంఖ్య, అవి తిరుగు దిశ కూడ తయారీదారుని పట్టిచ్చును: వెబ్లీకి ఏడు, కుడివైపునకు, స్మిత్ అండ్ వెస్సన్‌కు ఐదు, కుడివైపునకు, కోల్ట్‌కు ఆరు, ఎడమవైపునకు.

గది ఆకృతిని తెలిసికొనుటకు మూస పోయుదురు. పూర్వము గంధకమును కరగించి పోసెడివారు. ఇప్పుడు బిస్మతు, సీసము, తగరము, కాడ్మియము కలిసిన మిశ్రమలోహమును వాడుదురు. అది 71 నుండి 88 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ కరగును. అనగా మరుగునీటిలోనే కరగును. మరియొక వింత గుణము కలదు. గడ్డకట్టగనే కొంచెము కుంచించుకొనును, అందుచే గదినుండి సులభముగ ఊడివచ్చును. ఆ తరువాత బిస్మతు ప్రభావమున నెమ్మదిగ వ్యాకోచించి, గంట గడచునప్పటికి సరిగ గది కొలతకు వచ్చును. కొలతను ఆ గంటయందే తీసికొనవలెను. రసాయనశాస్త్ర విద్యార్థులకు తెలిసిన వుడ్ లోహమునకు ఇది దగ్గరి చుట్టము.

కొలతలు సరిపోయినంత మాత్రమున పని ముగియదు. పీడనపు సంగతి ఉన్నది. సన్నని గోడగల గొట్టములో గోడపై పడు తన్యత, లోపలి పీడనమును వ్యాసార్ధముచే గుణించి గోడమందముచే భాగించినంత. గది లావు, గోడ మందము మారవు గనుక, పీడనము ఎన్ని రెట్లు పెరిగిన తన్యతయు అన్ని రెట్లు పెరుగును. అమెరికాలో మిగులు సరకుగ అమ్ముడైన .455 వెబ్లీల చక్రమును వెనుక అరగదీసి, సులభముగ దొరకు .45 ఆటో పిస్తోలు తూటా పట్టునట్లు చేసిరి. .455 తూటా గరిష్ఠ పీడనము చదరపు అంగుళమునకు సుమారు 13 వేల పౌన్లు; .45 ఆటోది 21 వేలు. చాలకాలము కాలినను ఏమియు కాలేదని చెప్పువారుందురు. లోహపు అలసట అనునది ఒకనాడు చెప్పక వచ్చును.

మన దేశపు కుటుంబములకు ఇంతకంటె దగ్గరి చిక్కు .32. సైన్యము, పోలీసులు వాడు .38, .455, 9 మి.మీ. మొదలగునవి నిషిద్ధ బోరు వర్గములోనివి. వానికి లైసెన్సు కేంద్ర ప్రభుత్వ హోం శాఖ ఇయ్యవలెను. కావున సామాన్య లైసెన్సుదారుడు .32 వైపు మరలెను. కాన్పూరులోని సర్కారు కర్మాగారములు వెబ్లీ పద్ధతిలోనే మడతబందుగల .32 రివాల్వరును చేయుచు వచ్చినవి, అదియుగాక సర్కారువారి.32 పిస్తోలు కలదు. రెండును .32 లే. తూటాలు మాత్రము వేరు. రివాల్వరుకు .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్: డొల్ల 23 మి.మీ. పొడవు, నిండు అంచు. పిస్తోలుకు .32 ఆటో: డొల్ల 17 మి.మీ., అంచు కొద్దిగ మాత్రమే పొడుచుకొని వచ్చును. డొల్లల లావు రెండింటికిని .337 అంగుళమే! అందుచే పిస్తోలు తూటా రివాల్వరు గదిలో హాయిగ దిగును, చిన్న అంచు ఏదో విధముగ పట్టుకొనును. కాని రివాల్వరు తూటా గరిష్ఠ పీడనము 15 వేల పౌన్లు కాగ, పిస్తోలు తూటాది 20,500. తాతనాటి .32 రివాల్వరు, పొగలేని మందు వాడుకలో స్థిరపడక పూర్వము పుట్టినదైనచో, ఆ మూడవవంతుకు మించిన అధికభారమును ఏ లోహముతో మోయవలెను? తూటాల పెట్టెమీద ‘.32’ అను అంకెను కాక, దాని ప్రక్కనున్న మాటను – ‘లాంగ్’ యా, ‘ఆటో’ యా – చదువవలెను. లైసెన్సు పుస్తకములో కూడ ఆ మాటను వ్రాయించుకొనుట మంచిది.

రివాల్వరుతో బాటు తాతగారి తూటాల పెట్టెయు దొరకుచుండును. డొల్ల అడుగున ‘కె.ఎఫ్.’ అని ఉన్నచో అది పూనా దగ్గర కిర్కీలో 1869లో స్థాపించిన కర్మాగారపు సరకు. ‘.380’ తరువాత ‘2 జడ్’ అని ఉన్నచో రెండవ మార్కు తూటా; ‘జడ్’ అనగా కార్డైటుకు బదులు నైట్రోసెల్యులోజు మందు. ఇట్టి తూటాలు రివాల్వరును గుర్తించుటకు మంచి సాక్షులు. కాల్చుటకు మాత్రము పనికిరావు. పాత క్యాపులలో పాదరసపు ఫల్మినేటు ఉండుట కలదు. అది ఏండ్లు గడచినకొలది బలము కోల్పోవును. మీట నొక్కిన క్షణమున పేలక, క్షణములు గడచిన పిమ్మట, చక్రమును తెరచి చూచుచున్న సమయమున పేలవచ్చును. క్యాపునుండి వెలువడు పాదరసము ఇత్తడిని పెళుసుబార్చును కూడ. రివాల్వరును అప్పగించునప్పుడే ఆ తూటాలను లెక్కవ్రాసి పోలీసు స్టేషనులో ఒప్పజెప్పి రసీదు పుచ్చుకొనవలెను.